మున్నీ ముక్కుతాడు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. పెండ్లయిన కొత్తల శ్మశానం అవతలున్న బాయి నుంచి ఒక్కదాన్నే నీళ్లు మోసుకొచ్చిన. ఎన్నడూ జడుసుకోలే. ఇది కూడ దయ్యం కథ అనుకొని చెప్తలేను. చూసింది చూసినట్టు చెప్తున్న, అంతే.

మా ఆయన ఫారెస్టు గార్డు. డెబ్బైలల్ల పటాన్‌చెరు కాడ, బొంబాయి రోడ్డు మీద చెక్‌పోస్టుల డ్యూటీ. దాని ఎనుకనే మా క్వార్టర్. చుట్టూ ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులు. ఆరేసిన బట్టల మీద పొద్దుగూకేసరికి నల్లటి దుమ్ము పడేది.

అప్పుడే అడవి జంతువుల చట్టం కొత్తగ వచ్చింది. కాయిదం లేకుంట వాటిని ఉంచుకోవద్దు, ఒక తావు నుంచి ఇంకో తావుకు తోల్కపోవద్దు. ఆ సంగతి తెల్వక ఇమాం సాబ్ అనే ముసలాయన బీదర్ దిక్కు నుంచి గుడ్డెలుగును నడిపించుకుంట వచ్చిండు. ఊరూరా దాన్ని ఆడించి బతికేటోడు. దాని పేరు మున్నీ. కండ్లు తెరవనప్పటి నుంచి సాదిండంట.

రేంజరు సారు ఆపిండు. "పర్మిట్ తెచ్చుకో. అందాక ఇది ఈడనే ఉంటది" అన్నడు.

క్వార్టర్ ఎనుక ఇనుప బోనుల పెట్టిన్రు. ముక్కుకు గుచ్చిన తాడు అట్లనే ఉంచిన్రు. పశువుల డాక్టరు వచ్చేదాక ముట్టొద్దని ఆర్డరు. ఆ డాక్టరు రానే రాలే.

ఇమాం సాబ్ పట్నం ఆఫీసు సుట్టూ తిరిగిండు. పోయినప్పుడల్లా రేపు రా అన్నరు. తిరిగొచ్చి మా గోడ అవతల పండేటోడు. గోడ మీది నుంచి "బేటీ, తిన్నదా?" అని నన్నడిగేటోడు. తినలేదంటే "జెర బెల్లం కలుపు తల్లీ" అనేటోడు. బెల్లం కలిపి జొన్న సంకటి చేసి ఊచల సందుల నుంచి నూకేదాన్ని. మున్నీ వాసన చూసి మూలకు పోయి ముడుచుకునేది. ఎముకలు తేలినయి.

వానలు పట్టినయి. ఇమాం సాబ్‌కు జ్వరం తగులుకున్నది. మా ఆయన లారీ ఎక్కించి సంగారెడ్డి దవాఖానల చేర్పించిండు. రెండ్రోజులైనంక, చూసొస్తనని పొద్దుగాలనే మల్ల పోయిండు.

ఆ పగటీలి నేను వంటింట్ల పప్పు ఏరుతున్న. కిటికీల నుంచి బోను కనవడతది. ఇమాం సాబ్ లోపల కూసోని ఉన్నడు. మున్నీ ఆయన తొడ మీద తల పెట్టింది. "బస్ మున్నీ, బస్. హో గయా" అంటున్నడు. దాని ముక్కు కాడ ఆయన చేతులు కదులుతున్నయి.

నాకేం భయం కాలే. ముసలాయన పాణం మంచిగయి ఇద్దరూ వచ్చిన్రు, మా ఆయనే తాళం తీసుంటడు అనుకున్న. చాయ్ పెట్టిన.

చాయ్ పట్టుకొని పోయేసరికి ఆయన లేడు. తాళం ఏసినట్టే ఉన్నది. గిన్నెల సంకటి మెతుకు లేకుంట నాకేసింది మున్నీ. దాని ముక్కుకు తాడు లేదు. ఊచల పక్కన పడున్నది. తెంపలే, కొరకలే. ముడి విప్పి, చుట్ట చుట్టి పెట్టినట్టు ఉన్నది. మున్నీ ముక్కున నెత్తురు చుక్క లేదు.

పొద్దుగూకంగ మా ఆయన ఒక్కడే వచ్చి గడప మీద కూలబడ్డడు. "ఇమాం సాబ్ పొద్దుగాలనే పోయిండే. నేను పోయేసరికే గుడ్డ కప్పిన్రు" అన్నడు. బోనుకున్న ఒక్క తాళంచెవి మా ఆయన మొలతాడుకే ఉన్నది.

బోను కాడికి తీస్కపోయి చూపిచ్చిన. తాళం రెండుసార్లు గుంజి చూసిండు. రేంజరు సారుకు మాత్రం, మున్నీనే గీకి తెంపుకున్నదని చెప్పిండు.

మున్నీని పట్నం జూకు పంపెటందుకు పర్మిట్ జల్దీనే వచ్చింది.

అది పోయినంక ఇమాం సాబ్ భార్య వచ్చింది. నేను చూసిందంత చెప్పిన. అది ఆయనేనా, కాకుంటే ఇంకేందో నాకు అప్పుడూ తెల్వదు, ఇప్పుడూ తెల్వదు. ఆమె మాత్రం అనుమానపడలే. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని అంత విని, మెల్లగ అడిగింది.

"నా మాట ఏమన్న తీసిండా, అమ్మా?"

లేదన్న.