నర్సింలు తప్పని కరారు

ముప్పై ఏళ్లుగా ఒక మాట మోస్తున్నాను. 'కరారు ఉల్లంఘన'. వకీలు నోటీసులో అది నర్సింలు పేరు పక్కన ఉంది. ఉండాల్సింది నా పేరు పక్కన. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెబుతున్నాను.

గద్వాలలో నేను పడుగు, పట్టు ఇచ్చి చీరలు నేయించేవాణ్ణి. నేను గీయించిన నెమలి అంచు నర్సింలు ఒక్కడే నేసేవాడు. స్టాంపు కాగితం మీద కరారు రాసుకున్నాం. ఆ అంచు ఆయన ఇంకెవరికీ నేయకూడదు. రుజువు లేకుండా నేను ఆయనకు పడుగు ఇవ్వడం ఆపకూడదు.

ఒక శనివారం బీచుపల్లిలో దర్శనానికి నిలబడితే, నా ముందున్నావిడ చీరకు అదే అంచు! ఆ రంగులో నేనెప్పుడూ నేయించలేదు. ఇక మొదలైంది. నర్సింలు ఈ మధ్య నన్ను చూసి ఎందుకు నవ్వడం లేదు? మగ్గం గది తలుపు పగలు కూడా ఎందుకు వేసి ఉంటోంది? భార్యకు జ్వరమని చీర రెండు రోజులు ఆలస్యం చేశాడే, ఆ జ్వరం నిజమేనా? అనుమానం పట్టుకున్నాక ఎదుటివాడి దగ్గు కూడా దొంగ దగ్గులాగే వినిపిస్తుంది. నోటీసు ఇప్పిద్దామని పోతే, రుజువుందా అని వకీలు అడిగాడు. ఉందన్నాను.

నోటీసు అందిన మర్నాడు కత్తెర పట్టుకుని నర్సింలు ఇంటికి పోయాను. మగ్గం మీద చీర సగం నేసి ఉంది. ఆయన చేతిలో నోటీసు ఉంది.

"ఉల్లంఘన అంటే ఏందన్నా?"

"మాట తప్పుడు."

"నేనేం తప్పిన?"

"నాకు తెల్వదనుకుంటున్నవా?"

"ఏం తెల్సిందో చెప్పరాదే. పోనీ, జర ఆగు. ఈ చీర దిగినంక కొయ్యి. గిట్ల సగంల కొయ్యద్దన్నా."

ఆగలేదు. మగ్గం మీది పడుగు దారాలు నా చేత్తోనే కోశాను.

నెల తిరక్కుండానే అసలు సంగతి తెలిసింది. అంచు బొమ్మ కోసం మగ్గానికి తగిలించే చిల్లుల అట్టలు చిరిగితే, కొత్తవి కొట్టించుకుని పాత కట్టను అట్టలు కొట్టేవాడి దగ్గరే వదిలేసి వచ్చాను. నేనే. నాకు అక్కర్లేదనుకుని అతను వాటిని అతికించి అయిజ నుంచి వచ్చిన ఒక షావుకారికి ఇచ్చాడట.

ఆ రోజే నర్సింలు దగ్గరికి పోవచ్చు కదా, ఎందుకు పోలేదు? పరువు అనుకున్నాను అప్పట్లో. ఇప్పుడు ఆ కారణాన్ని కూడా నమ్మను. నిజం చెప్పాలంటే, తప్పు నాదని తెలిశాక ఆయన మీద కోపం ఇంకా పెరిగింది. తర్వాత ఇంకో షావుకారు ఆయనకు పడుగు ఇవ్వబోతూ, మనిషి నమ్మకస్తుడేనా అని నన్ను అడిగాడు. అవునంటే సరిపోయేది. నీ ఇష్టం అన్నాను. ఆ తర్వాత ఊళ్లో ఎవరూ ఆయనకు పని ఇవ్వలేదు. భార్యాబిడ్డలతో షోలాపూర్ మరమగ్గాలకు వెళ్లిపోయాడు. అక్కడే పోయాడని విన్నాను.

రుజువు లేకుండా పడుగు ఆపాను. కరారు తప్పింది నేను. నర్సింలు తప్పలేదు. ఇలా రాయగానే గుండె కొంచెం తేలికపడింది, తేలికపడినందుకు సిగ్గుగానూ ఉంది. ఆయన బతికుండగా, నన్ను అడిగిన ఆ షావుకారితో చెప్పాల్సిన మాట ఇది.