అవ్వ కోసం చేసిన వాన

మేం చిన్నగున్నప్పుడు ఒక ఏడు... మిరుగు, అదే మృగశిర కార్తె దాటినా చినుకు పడలేదు. శామీర్‌పేట పక్కన మా ఊరు. నాయిన దున్నిన చేను అట్లనే వదిలి మేడ్చల్‌కు కూలికి పోయేవాడు.

అవ్వ, అంటే నాయిన తల్లి, మంచం దిగలేని మనిషి. చూపు కూడా పోయింది. రోజూ ఒకటే అడిగేది... "వానొచ్చిందా బిడ్డా?" లేదని చెప్పలేక మేం బయటికి జారుకునేవాళ్లం.

ఒక మధ్యాహ్నం అక్కా నేనూ అవ్వ అర్రలోనే వాన చేద్దామనుకున్నాం.

"ముందు సప్పుడు జేద్దాం," అన్నాను.

"నీ మొకం. ముందు సల్లగాలి, ఎనక మట్టివాసన, గప్పుడు సప్పుడు," అంది అక్క.

కిటికీకి తడి గోనెసంచి కట్టి ఊపాం. చేని మట్టి తట్టలో తెచ్చి అవ్వ తలాపున పెట్టి నీళ్లు చల్లాం. చాటలో జొన్నలు అటూ ఇటూ దొర్లిస్తే అచ్చం పెంకుల మీద వానే... చివరికి అక్క జల్లెడలో నీళ్లు పోసి అవ్వ చేతి మీద పట్టింది.

అవ్వ చాలాసేపు చెయ్యి తీయలేదు. "మీ నాయినను ఇత్తులు తియ్యమను," అంది. మేం నవ్వాపుకోలేక బయటికి ఉరికాం.

పొద్దుగూకి నాయిన రాగానే అడిగింది. "ఎన్ని సాళ్లు పెట్టినవ్ రా?"

"వానేది అవ్వా? దుమ్ము లేస్తాంది."

అవ్వ మమ్మల్ని తిట్టలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

నెల తర్వాత నిజం వాన వచ్చింది. ఉరుము లేదు, మెరుపు లేదు. అమ్మానాయినా చేనుకాడ ఉన్నారు. మేం ఉరికొచ్చి అవ్వ చెయ్యి కిటికీలోంచి బయటికి పెట్టాం. గుంజుకుంది.

"సాలు బిడ్డా. మీ అమ్మ బోరింగు కాడికెల్లి మోస్తాంది ఆ నీళ్లు... పారబొయ్యకుర్రి."

"ఒట్టు అవ్వా, గిది నిజం వాన," అని అక్క ఏడ్చింది. అవ్వ నమ్మలేదు.

నాయిన తడిసి వచ్చి చెబితే నమ్మింది. అప్పటికి వాన వెలిసింది. ఆ ఏడు అదొక్కటే గట్టి వాన... మళ్లీ వానాకాలానికి అవ్వ లేదు.

ఇప్పుడు మా ఊరి చుట్టూ రిసార్టులు. పైపుల్లోంచి వాన కురిపిస్తుంటే జనం పాటలు పెట్టుకుని ఎగురుతారు. పిల్లలు అడిగితే నేనూ వెళ్లాను. అది ఉత్తుత్తి వాన అని అక్కడ అందరికీ తెలుసు. మేం కూడా అవ్వకు చెప్పి చేయాల్సింది... ఏది తక్కువైందో తనే చెప్పేది.

మీరూ మీ ఇంటి పెద్దలకు, మంచికే కదా అని, ఏదైనా అబద్ధం చెప్పారా? రాయండి... వాళ్లు ఇంకా ఉంటే మాత్రం, ముందు వాళ్లకు చెప్పండి.