కోటు తిరగేసి చెప్పిన పాఠం

మదనపల్లె కాలేజీలో మాకు జంతుశాస్త్రం చెప్పిన సారు పోయారు. పుంగనూరులో నేను క్లాసు చెబుతుండగా, నాతో చదువుకున్న స్నేహితుడు ఫోను చేశాడు. "సారు ప్రాక్టికల్స్‌కు పోతా బస్టాండులో పడిపోయినాడు. ఇంక లేడు" అన్నాడు. నోరు మూసుకోమని కసిరాను. ముందురోజే సారు నాతో ఫోనులో పకపకా నవ్వారు. మనిషి అంతలో ఎట్లా పోతాడు?

కణకేంద్రకం పొరకు లోపలివైపు లామిన్ అనే ప్రోటీన్ల వల ఉంటుంది. కేంద్రకం ఆకారం చెడకుండా కాపాడేది అదే. ఈ పాఠం రోజున మండుటెండలోనూ సారు కోటు వేసుకొచ్చేవారు. చెమటలు కక్కుతూ దాన్ని విప్పి, తిరగేసి, లైనింగు చూపించేవారు. "పైగుడ్డను అందురూ సూస్తారప్పా. దీన్ని ఎవురన్నా సూసినారా? ఇది సినిగితే కోటు పనయిపోయినట్టే." మేం నవ్వేవాళ్లం. నేనీ రోజు బోర్డు ముందు నిలబడ్డానంటే ఆ కోటు పుణ్యమే.

గుండెను ఉన్నట్టుండి ఆపేయగల ఆ లామిన్ లోపమే వాళ్ల వంశంలో ఉందని నిరుడే తెలిసింది. సారు వాళ్ల నాయన, పెద్దన్న నడివయసులో ఉన్నట్టుండి పోయారు. ఊరంతా దిష్టి అన్నారు. కుప్పంలో ఉండే చెల్లెలు కళ్లు తిరిగి పడితే సారు బెంగళూరు తీసుకుపోయారు. పరీక్షల్లో ఇద్దరికీ అదే లోపం బయటపడింది. గుండె లయ తప్పితే సరిచేసే మిషన్ ఇద్దరూ పెట్టించుకోవాలన్నారు డాక్టర్లు. చెల్లెలికి వెంటనే పెట్టించారు. తన సంగతి మాత్రం సారు వాయిదా వేస్తూ వచ్చారు.

"ప్రాక్టికల్స్ అయిపోనీమ్మా. పిల్లోళ్లను నడిమద్దెన ఇడిసిపెట్టి యాడికి పోయేది?" అన్నారు ముందురోజు ఫోనులో. నాకు ఒళ్లు మండింది. "మాకు చెప్పిన పాఠం మీకెక్కదా సార్?" అని అరిచాను. దానికే ఆ నవ్వు. "సెప్పేవానికి ఇనేదానికి టైము యాడుంటాదమ్మా!"

ఇంత తెలిసిన మనిషి. నాకు ఏడుపు కన్నా కోపమే ఎక్కువ వస్తోంది.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. చెల్లెలు ఏడవడం లేదు. నా చెయ్యి లాక్కుని ఎడమ మెడ ఎముక కింద పెట్టుకుంది. చర్మం కింద మిషన్ గట్టిగా తగిలింది.

"నాకు ముందు పెట్టిచ్చినాడమ్మా. నీకెప్పుడు పెట్టిచ్చుకుంటావన్నా అంటే, నిన్ను సూసినాక నాకు బయం పోయిందిలే పాపా అన్నాడు. ఆయప్పకూ పెట్టింటే ఈపొద్దు ఈడ్నే కూసోని ఉండును గదా?"

నా వేళ్ల కింద ఆమె గుండె కొట్టుకుంటూనే ఉంది.