చెప్పి రాని యేరు

మా కోనసీమకి రైలు లేదు. రాజోలు దగ్గర మా ఊళ్ళో సగం మంది దాన్ని సినిమాలోనే చూశారు. అందుకే మా నాన్నకి తుని వైపు రైల్వేలో వానాకాలం వంతెన కాపలా దొరికినప్పుడు మా అమ్మ తల ఎత్తుకుని నడిచింది. పని టెంపరరీయే. ఆ ఏడు మాట రాకుండా గడిస్తే పర్మినెంటు చేస్తామన్నారు. ఇంటి ప్రార్థనలో అమ్మ ముందు ఆ పర్మినెంటు సంగతి అడిగి, తరవాతే మా ఆరోగ్యాల సంగతి అడిగేది. దేవుడికి కూడా నవ్వొచ్చే ఉంటుంది.

నాకు పదేళ్ళప్పుడు, వానలకి బడి మూసేస్తే, అమ్మ నన్ను తీసుకుని నాన్న దగ్గరికి వెళ్ళింది. వంతెన పక్కనే తాటాకు పాక. కింద యేట్లో మోకాలి లోతు నీళ్ళు. దీనికా కాపలా అని నేను పకపకా నవ్వాను. నాన్న గంటకోసారి దిగి, వంతెన స్తంభం మీద గీసిన గీతల్లో నీరు ఎక్కడిదాకా వచ్చిందో చూడాలి. ఎర్రగీత తాకితే జెండా పట్టుకుని రైలుకి ఎదురు పరుగెత్తాలి.

మర్నాడు, దగ్గర్లోనే ఆ యేరు పుట్టిన కొండల వైపు నల్లగా కమ్మింది. మధ్యాహ్నం నాన్న గీత చూసి, మా లంకల్లో అందరూ చేసినట్టే నీటి అంచున ఒక పుల్ల గుచ్చి వచ్చాడు. మా గోదారి పెద్దమనిషి. పైన భద్రాచలంలో పెరిగితే మా దాకా రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఈలోగా గొడ్లని గట్టెక్కించి, బియ్యం అటకెక్కించి, తీరిగ్గా ఎదురుచూస్తాం. పుల్ల మునగడానికి ఒక పూటైనా పట్టాలి.

గంట కాగానే నాన్న లేవబోయాడు. "నువ్వు కలిపి పెడితేనే తింటా" అని నేను మారాం చేశాను. "పుల్ల గుచ్చేరు కదండీ, పిల్లదానికి నాలుగు ముద్దలు పెట్టి ఎల్దురుగాని" అంది అమ్మ. ఆయన కూర్చుండిపోయాడు.

ముద్ద నా నోట్లో ఉండగానే పెద్ద చప్పుడైంది. బయటికి వచ్చి చూస్తే పుల్లా లేదు, గట్టూ లేదు. ఎర్రనీళ్ళు ఒడ్డు కోసుకుపోతున్నాయి. వంతెన చివర మట్టి జారిపోయి పట్టాలు గాల్లో వేలాడుతున్నాయి. "బాబోయ్, ప్యాసింజరొచ్చే వేళ!" అని నాన్న ఎంగిలి చేత్తోనే జెండా లాక్కుని పరుగెత్తాడు. అమ్మ నన్ను పొట్టకి అదుముకుని నిలబడిపోయింది. చాలాసేపటికి కూత వినిపించింది. రైలు ఆగింది.

సాయంత్రం ఇన్‌స్పెక్టరుగారు వచ్చి నాన్న భుజం తట్టారు. "శెభాష్. గంటగంటకీ చూశావు కాబట్టే కనిపెట్టావు. అదే రాస్తాను."

అమ్మ ముఖం వెలిగింది. ఇంక పర్మినెంటు వచ్చేసినట్టే.

"లేదండి," అన్నాడు నాన్న. "గంట దాటిపోయిందండి. అన్నం తింటన్నానండి. గోదారిలాగే ఇదీ చెప్పి వస్తాదనుకున్నానండి."

"రైలు ఆపావుగా! ఇదంతా నాకెందుకయ్యా చెప్తావు?"

"రాయండి బాబూ. రేపు నా తరవాత వచ్చేవోడూ మా వైపోడే అయితే, ఇలాగే పుల్ల గుచ్చి కూచుంటాడండి."

నా మారాం సంగతి గాని, అమ్మ మాట గాని ఎత్తలేదు. తడిక వెనక నేను ఏడుస్తున్నాను. ఆయన మీద ఎంత ప్రేమ పొంగిందో అంత కోపమూ వచ్చింది. ఆ ఏడు పర్మినెంటు కాలేదు.

ఆ పూటంతా అమ్మ మూతి ముడుచుకునే ఉంది. మర్నాడు రైళ్ళు లేవు గనక నాన్న మమ్మల్ని రోడ్డు మీదకి తీసుకొచ్చి బస్సెక్కించాడు. అమ్మ కిటికీలోంచి చెయ్యి చాపి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఉద్యోగం పోతే పోయింది, కొబ్బరికాయలు ఒలుచుకుని బతుకుదాం. ఆ రైల్లో ఎవరి పిల్లలున్నారో ఏంటో. నేనే కదండీ మిమ్మల్ని కూచోబెట్టేను." బస్సు హారన్ కొట్టింది. "ఈసారి నేనెంత బతిమాలినా లేచి ఎల్లిపొండి. ఆయ్?"

"ఆయ్" అన్నాడు నాన్న, ఆ చెయ్యి వదలకుండా, కదిలిన బస్సుతోపాటే నడుస్తూ.