మున్నేరు ప్రిన్స్ నడక

విజయవాడ నుంచి నూజివీడు బస్సు పొద్దున్న ఆరూ పదికి కదిలింది. నాకు కిటికీ సీటు దొరికింది. ముందురోజు దేవదానం ఫోన్ చేయకపోతే ఈ ప్రయాణమే లేదు. మున్నేరు ప్రిన్స్ అనే పందెపు గుర్రాన్ని పాతికేళ్లుగా సాకుతున్నవాడతను. “రేపు పదకొండింటికి లారీ ఎక్కించేస్తారంటండీ. అమ్మగారు నా మాట వినట్లేదు. వాడి పరుగు కళ్లారా చూసినోళ్లు మీరు, వచ్చి నాలుగు మాటలు చెప్పండి” అన్నాడు.

ఎక్కడికని పక్కసీటావిడ అడిగితే గుర్రాన్ని చూడటానికన్నాను. అది హైదరాబాదులో పెద్ద రేసు గెలుస్తూ, గీత దాటేముందు ఆగి నాకు దణ్ణం పెట్టిందని కూడా చెప్పాను.

“మీరు మా ఆయనకి చుట్టమయ్యుంటారు” అని ఆవిడ అటు తిరిగి పడుకుంది.

ఏడూ ఇరవైకి ఆగిరిపల్లిలో దిగాను. మీరు వెళితే సెంటర్లోనే ఇడ్లీ తినేయండి. తోటల్లోకి వెళ్లాక పచ్చికాయ తప్ప ఏమీ దొరకదు. అక్కడినుంచి ఆటోలో అరగంట. రెండువైపులా మామిడిచెట్ల కింద కోతవాళ్లు చిక్కం కట్టిన గెడలతో కాయలు దింపుతున్నారు.

తోట యజమానురాలు సుభద్రమ్మగారు గుర్రపు షెడ్డు ముందు నిలబడి, అది ఖాళీ అవగానే లోపల పేర్చించడానికి ప్లాస్టిక్ ట్రేలు దింపిస్తున్నారు. గుర్రాల సరదా ఆవిడ భర్తది. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఒకప్పుడు పూణే నుంచీ, బెంగళూరు నుంచీ పిల్లల కోసం ఆడగుర్రాలను ఈ ప్రిన్స్ దగ్గరికి తీసుకొచ్చేవారట. ఇప్పుడు వాడికి ఇరవయ్యేడేళ్లు. పళ్లు అరిగిపోయి నానబెట్టిన తవుడే తింటున్నాడు. విస్సన్నపేటలో పెళ్లి ఊరేగింపులు నడిపే ఒకతను తీసుకెళతానన్నాడు.

“బ్యాండు చప్పుడుకే గుండాగి పోతాడండీ మా చిన్నయ్య” అన్నాడు దేవదానం. ప్రిన్స్‌ని అతను పిలిచే పేరది.

“నువ్వాగు దేవదానం” అని ఆవిడ నావైపు తిరిగారు. “మీరు నిజంగా వీడి పరుగు చూశారా అండీ?”

నోట్లో కథ సిద్ధంగా ఉంది. ఇరవైమూడేళ్లుగా చెప్పి చెప్పి నునుపెక్కిన కథ. షెడ్డు తలుపు మీదుగా ప్రిన్స్ తల బయటపెట్టి చూస్తున్నాడు. కళ్ల పైన గుంటలు పడ్డాయి, మూతి నెరిసింది.

“లేదండీ. ఆ రెండు నిమిషాలూ బజ్జీల బండి దగ్గర ఉన్నాను. వెనకనుంచి అరుపులు విన్నాను, అంతే.”

దేవదానం మొహం మాడిపోయింది. ఆవిడ మాత్రం నవ్వారు. “సాక్ష్యానికి భలేవాణ్ణి తెచ్చావయ్యా! చూడండి, కాపు ఆగిన చెట్టునే మేం కొట్టించేస్తాం. గుర్రాన్ని ఊరికే ఎలా మేపను?”

షెడ్డు పక్కనే, కొమ్మలకు నాలుగువైపులా గుంజలు ఆనించిన ఒక ముసలి చెట్టుంది. ఒక్క కాయ లేదు. “మరి దాన్ని కొట్టించలేదేమండీ?” అన్నాను.

“అయ్యో, అది తల్లిచెట్టు. ఈ తోటలో సగం చెట్లు దాని కొమ్మలతో అంటు కట్టినవే. మా మావగారు దాని మీద కత్తి పడనిచ్చేవారు కాదు...”

దేవదానం నెమ్మదిగా అన్నాడు: “కిందటి నెల పూణేలో గెలిచింది మన చిన్నయ్య కూతురి కొడుకేనమ్మగారూ.”

ఆవిడ చెట్టు మీంచి చూపు గుర్రం వైపు తిప్పారు. తర్వాత కూలీలను కేకేశారు. “ట్రేలు ఇంటి వరండాలో పేర్చండర్రా. లారీవాడికి గుర్రం బదులు కాయలెత్తండి.”

దేవదానం తువ్వాలుతో మొహం తుడుచుకుని గుర్రాన్ని నీళ్లకు బయటికి తీశాడు. తొట్టి ముప్పై అడుగుల దూరంలో ఉంది. ప్రిన్స్ రెండుసార్లు ఆగాడు. ఆగినప్పుడల్లా దేవదానం కూడా ఆగాడు, తాడు లాగలేదు.

తిరుగు బస్సు రెండున్నరకి. ఒళ్లో ఆవిడిచ్చిన రసాల సంచి. తండ్రిగా ఆ గుర్రం ఏం మిగిల్చిందో చెప్పే పుస్తకాలు రేసువాళ్ల దగ్గర ఉంటాయి. తోటవాళ్లకు ఒక చెట్టును చూస్తే తెలిసిపోయింది. మీరు వెళ్లదలిస్తే పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం వాడు నిద్రపోతాడు. పరుగు గురించి మాత్రం నన్నడక్కండి. నడక గురించయితే అడగండి, మొత్తం చూశాను.