ఉగ్గుగిన్నె కొలత

మా ఊరు యాడికిలో బస్టాండు దగ్గర ఈ మధ్య టీ బంకు పెట్టినాయన కొత్తచెరువు వైపు నుంచి వచ్చినవాడు కనుక ఆయనకు నా పాత సంగతులేవీ తెలియవు. ఈ పొద్దున నా చేతికి గ్లాసు అంచు దాకా, ఇంకొక్క చుక్క పడితే పొర్లిపోయేట్టు, టీ నింపి ఇచ్చాడు. ఆ గ్లాసు పట్టుకుని రోడ్డు దాటి, అటొక ఆటోకూ ఇటొక గొర్రెల మందకూ దారి ఇచ్చి, నా మోటార్ వైండింగ్ షాపు దాకా నడిచి వచ్చి బల్ల మీద పెట్టి చూసుకుంటే ఒక్క చుక్క కూడా ఒలకలేదు. ఇందులో చెప్పుకోవడానికి ఏముందని మీకనిపించవచ్చు. ఒకప్పుడు ఇదే చోట టీ అమ్మిన పెద్దాయన నాకు ఎప్పుడూ సగం గ్లాసే పోసేవాడు, అది తాగాక అడగకుండానే మిగతా సగం పోసేవాడు, పదిమందిలో ఒక్క మాట కూడా అనేవాడు కాదు. ఆ మర్యాద ఎందుకో తెలిసి కూడా తెలియనట్టే నేను తాగి వెళ్లేవాణ్ణి. ఆ సగం గ్లాసుల కాలం ఇవాళ ఉదయమంతా నన్ను పని చేసుకోనివ్వలేదు.

వైండింగ్ పని నాకు మా నాయన నేర్పాడు. కాలిపోయిన మోటారు విప్పి, మాడిన తీగంతా లాగేసి, వెంట్రుక కన్నా కాస్త లావుండే రాగితీగను చుట్టలు చుట్టలుగా గాడుల్లో కూర్చోబెట్టాలంటే కంటికన్నా చేయి ముఖ్యం. తీగ మీది పూత ఒక్కచోట గీసుకున్నా మళ్లీ మొత్తం కాలిపోతుంది. నాయన పోయాక పదేళ్లు ఆ పని బాగానే చేశాను. మోటారు బాగుచేసి బోరులోకి దించి, స్విచ్చి వేసి, పైపు నోట్లోంచి నీళ్లు దూకగానే రైతు ముఖంలో వచ్చే వెలుగు నా ఈడు వాళ్లకు చెప్పనక్కర లేదు. ఆ సంతోషంలో ఆయన సీసా తెప్పించేవాడు, వద్దంటే నొచ్చుకునేవాడు. నొప్పించకూడదని మొదలుపెట్టిన పని కొన్నాళ్లకు నీళ్లు వచ్చినా రాకపోయినా, రైతు తెప్పించినా తెప్పించకపోయినా, పొద్దు వాలితే చాలు తప్పనిదైంది. పగలు మాత్రం ముట్టేవాణ్ణి కాను. తాగుబోతుకూ నాకూ ఉన్న తేడా అదేనని మా ఆవిడతో చాలాసార్లు వాదించి గెలిచాను కూడా.

అయితే పగటిపూట, ముఖ్యంగా తెల్లవారుజామున, నా చేతులు నా మాట వినడం మానేశాయి. తీగ గీసుకునేది, కట్టిన మోటారు వారానికే కాలి మళ్లీ వచ్చేది. మెల్లగా రైతులు మోటార్లు తాడిపత్రికి తీసుకుపోసాగారు. ఆ రోజుల్లోనే, పనికిరాకుండా పోయిన నా చేతికి కొబ్బరికాయ దొరికింది.

బోరు వేయించే ముందు నీళ్లెక్కడున్నాయో చూసే పద్ధతి మన వైపు అందరికీ తెలిసిందే. జుట్టు ఉన్న కొబ్బరికాయను అరచేతిలో పడుకోబెట్టుకుని చేలో నడిస్తే, కింద జల ఉన్న చోట కాయ అదిరి లేచి నిలబడుతుందని నమ్మకం. చూసే మనిషికి నియమం కూడా ఉంది. ముందు రోజు పొద్దు కూకినప్పటి నుంచి పచ్చిగంగ కూడా ముట్టకూడదు, తెల్లవారకముందే స్నానం చేసి, చెప్పులు లేకుండా పరగడుపున చేలోకి రావాలి. ఒకసారి మా చిన్నాన్న చేలో, రావలసిన మనిషి రాకపోతే, ఊరికే ఉన్నావు కదా నువ్వు పట్టుకోమని కాయ నా చేతిలో పెట్టారు. నాలుగడుగులు వేశానో లేదో కాయ గజగజ వణికి లేచి నిలబడింది. అక్కడే బోరు వేస్తే నూరడుగుల లోపే నీళ్లు పడ్డాయి. అవి నాలుగు వానలు కురిసిన సంవత్సరాలు, ఎక్కడ పొడిచినా నీళ్లే పడేవని ఇప్పుడు అర్థమవుతోంది కానీ, అప్పుడు మాత్రం అందరితో పాటు నేనూ నమ్మాను. దేవుడు ఒక విద్య తీసుకుని ఇంకొకటి ఇచ్చాడనుకున్నాను. నన్ను నీళ్లాయన అని పిలవడం మొదలుపెట్టారు. పొద్దున కాయ, సాయంత్రం సీసా. నియమం కోసం ముందు రోజు చీకటి పడకముందే తాగడం ఆపేసేవాణ్ణి కనుక, ఒంట్లో మందు దిగిపోయి పొద్దుటికి చేయి ఇంకా బాగా వణికేది, కాయ ఇంకా బాగా లేచేది. ఈ రెంటికీ ముడి ఉందని ఊళ్లో ఒక్కరికీ తోచలేదు, అందరికన్నా ముందు తోచవలసిన నాకసలు తోచలేదు.

తరవాత వానలు ముఖం చాటేశాయి. యాడికికి కొంత దూరంలో మా అక్కావాళ్ల ఊరు. అక్కకూ బావకూ చీనీ తోట ఉండేది, అంటే కోస్తావాళ్లు బత్తాయి అంటారే, అది. ఎనిమిదేళ్లు బిడ్డల్లా పెంచిన చెట్లు, రెండు కాపులు తీశారు. ఆ ఎండాకాలం వాళ్ల బోరు గాలి కక్కడం మొదలుపెట్టింది. ఆకులు దొప్పల్లా ముడుచుకున్నాయి. బావ స్వయంగా నా దగ్గరికి వచ్చి, అడగడానికి మొహమాటపడి, చివరికి బోరు పాయింటు చూసి పెట్టమన్నాడు. పరాయివాళ్ల చేలల్లో అన్ని చూశాను, తోడబుట్టిన దాని చేలో చూడనా అనుకుని వెళ్లాను.

తెల్లవారుజామున కాయ పట్టుకుని తోటలో దిగితే తూర్పు గట్టు దగ్గర అది లేచిన లేవడం అంతకు ముందెప్పుడూ లేవలేదు. పట్టుకోలేక రెండో చేయి అడ్డం పెట్టాను. అక్క అక్కడ పసుపు కుంకుమలు పెట్టింది. మధ్యాహ్నానికి బోరు లారీ వచ్చింది. మొదట నాపరాయి పలకలు, దాని కింద నల్లబండ, ఆ కింద దుమ్ము. రాడ్డు మీద రాడ్డు దిగుతూనే ఉంది, తెల్లటి దుమ్ము లేచి చీనీ ఆకుల నిండా పిండి చల్లినట్టు పరుచుకుంటూనే ఉంది. తడి వాసన కూడా రాలేదు. లారీవాళ్లు మిషను ఆపేశాక ఆ నిశ్శబ్దంలో బావ గట్టు మీద కూర్చుని ముఖానికి టవల్ అడ్డం పెట్టుకున్నాడు. నేను పక్కన నిలబడితే, తల ఎత్తకుండానే, "పోనీలేప్పా, నీ కాయ తప్పేముండాది, మా రాత అట్లుండాది" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

లారీని ఆ ఒక్క రోజు ఉంచుకుని, మర్నాడు పొద్దున నేను చూపే రెండో చోట వేయించాలని అనుకున్నారు. ఉన్నదంతా మొదటి దానికే ఊడ్చిపెట్టారు, రెండోది వేయిస్తే పొలం చేతులు మారక తప్పదని ఇద్దరికీ తెలుసు, నాకూ తెలుసు. తెల్లవారకముందే లేచి అక్కావాళ్ల వసారాలో స్నానానికి సిద్ధమవుతున్నాను. అక్క ముఖం కడుక్కోమని చెంబు చేతికిచ్చింది. అది అందుకునేసరికే సగం నీళ్లు నా పంచె మీద ఒలికిపోయాయి. అక్క ఒకసారి నా చేతి వైపు చూసింది. లోపలికి పోయి కొబ్బరికాయ తెచ్చి, నాపరాళ్లు పరిచిన ఆ వసారాలోనే నా అరచేతిలో పడుకోబెట్టి, కాస్త వెనక్కి జరిగి చూసింది. కాయ వణికి వణికి లేచి నిలబడింది.

"ఏమిరా అబ్బీ, ఈడ గూడా నీళ్లుండాయా? బోరు లారీని ఇంట్లోకే పిల్చుకొని రమ్మంటావా?" అంది. గొంతులో ఎగతాళి లేదు, అదే నన్ను చంపింది.

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. నిజం చెప్పినవాళ్ల మీద వచ్చినంత తొందరగా ఇంకెవరి మీదా కోపం రాదు. కాయ తీసుకుని విసవిసా పశువుల కొట్టంలోకి పోయి చూశాను, లేచింది. గడప మీద నిలబడి చూశాను, లేచింది. నిచ్చెన ఎక్కి మిద్దె మీదికి పోయి చూశాను. కింద ఇల్లు, ఇంట్లో నిద్రపోతున్న పిల్లలు, నా చేతిలో మాత్రం కాయ నిటారుగా నిలబడి ఉంది. మిద్దె మీద కూడా నీళ్లు పడ్డాయన్నమాట. అక్కడే పిట్టగోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. ఎన్ని చేలల్లో చూపించాను, ఎంతమంది నా వణుకును నమ్మి భూమిని పొడిపించారు అని లెక్కపెట్టుకోబోయి భయపడి మానుకున్నాను. పొద్దు పొడిచాక దిగివచ్చి బావకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అది నీళ్ల అదురు కాదు, తాగుడు అదురు అన్నాను. బావ వెళ్లి లారీని పంపించేశాడు. ఆ లారీ ఊరు దాటి దుమ్ములో కలిసిపోతుంటే నా గుండెల మీద నుంచి దిగిన బరువు ఇంత అని చెప్పలేను. నా పరువు దానితో పాటే వెళ్లిపోయింది, పోతే పోయింది.

ఆ ఎండాకాలమంతా నేను అక్కావాళ్ల ఊళ్లోనే ఉండిపోయాను. సగం చెట్లను వదిలేసి మిగతా సగమైనా దక్కించుకుందామని బావ నిర్ణయించాడు. ఏ సాలు ఉంచాలి, ఏ సాలు వదలాలి అని ఆయన తోటలో తిరిగిన రోజు అన్నం తినలేదు. ఎద్దులబండి మీద డ్రమ్ములు పెట్టుకుని పక్క ఊరి బావి నుంచి నీళ్లు తెచ్చి, సాయంత్రం ఎండ దిగాక చెట్టుకు రెండు బిందెలు పోసేవాళ్లం. నాకు సీసా గుర్తొచ్చే వేళకు సరిగ్గా ఆ పని పడేది. అనంతపురంలో ఒక డాక్టరుకు చూపిస్తే, ఇంతకాలం తాగిన ఒళ్లు కనుక ఒక్కసారిగా మానితే ప్రమాదమని, మాత్రలు రాసిచ్చి, తాను చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రమ్మన్నాడు. ఆ మాట అక్క గట్టిగా పట్టుకుంది. సీసాను రాగుల గాదెలో దాచింది. తన పిల్లలకు ఉగ్గు పోసిన వెండి ఉగ్గుగిన్నె అటక మీంచి దించింది. బండి తోలి వచ్చి కాళ్లు కడుక్కున్నాక, మనవళ్లు పుట్టబోయే వయసులో ఉన్న నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, ఆ గిన్నెతో కొలిచి గ్లాసులో పోసేది. మొదట డాక్టరు చెప్పినన్ని గిన్నెలు, ఆ తరవాత వారానికొకటి తక్కువ. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. కొన్నాళ్లకు, ఇవాళ ఒక గిన్నె ఎగ్గొట్టావని అక్కతో పోట్లాడేవాణ్ణి. గుడ్డి కన్నా మెల్ల మేలు కదా అని మా ఆవిడ వచ్చినప్పుడల్లా సరిపెట్టుకుని పోయేది.

ఇల్లు అలకగానే పండగ కాదు. ఒకసారి రాప్తాడులో ఒక స్నేహితుడి ఇంట్లో పెళ్లికి వెళ్లి, గిన్నె కొలతలన్నీ మరిచి తాగి, రెండో రోజు ముఖం చెల్లక పొద్దు వాలాక తిరిగి వచ్చాను. అక్క తిట్టలేదు, ఏడవలేదు. "బండి తోలేకి ఎవరూ లేక మీ బావ ఒగడే పోయినాడు" అని మాత్రం చెప్పి, మర్నాడు మళ్లీ అదే గిన్నెతో, డాక్టరు చెప్పిన చోటి నుంచే కొలిచింది. ఆ సాయంత్రం బావ అరచేతుల్లో లేచిన బొబ్బలు చూశాక రాప్తాడు వైపు పోవడానికి నాకు చాలాకాలం కాలు రాలేదు.

ఆ ఏడు వాన ఆలస్యంగానైనా వచ్చింది. మేము నీళ్లు పోసిన సాళ్లు చిగురు పట్టాయి. ఉగ్గుగిన్నె ఎప్పుడు మళ్లీ అటకెక్కిందో, చివరి గిన్నె ఏ రోజు తాగానో నాకు గుర్తులేదు. అంత పెద్ద సంగతి గుర్తులేకపోవడమే నాకు ఇప్పటికీ వింతగా, హాయిగా ఉంటుంది. షాపు తలుపులు తీసి మొదటి మోటారుకు తీగ చుట్టినప్పుడు మూడు రోజులు పట్టింది, కానీ కాలలేదు. పాయింటు చూడమని ఆ తరవాత కూడా వచ్చారు. ఒకాయన వినకపోతే ఆయన ఎదుటే కాయ చేతిలో పెట్టుకుని చూపించాను. అది కదలలేదు. విద్య పోయిందని ఆయన నా మీద జాలిపడి వెళ్లాడు, నేను కూడా దిద్దలేదు.

పోయిన వారం అక్కను చూసి వచ్చాను. బావ పోయి మూడేళ్లయింది. మేము బతికించిన చెట్లు కూడా ముసలివైతే కొట్టేసి, ఆ చోట దానిమ్మ పెట్టారు. చుక్క చుక్కగా నీళ్లు పడే పైపులు వేశారు. ఇప్పుడు పాయింటు చూడటానికి ఎవరో మిషను తెచ్చి నేలకు తీగలు గుచ్చి పోతారట, పరగడుపు నియమాలు లేవు, పసుపు కుంకుమలు లేవు. అదీ తప్పుతూనే ఉంటుందట. సగం గ్లాసు పోసి మనిషి మర్యాద కాపాడిన టీ అంగడి పెద్దాయన లాంటివాళ్లూ తగ్గిపోయారు, ఎవరి చేయి ఎలా ఉందో ఎవరు చూస్తున్నారు. పోయినవాటిలో నేను బాధపడేవి చాలానే ఉన్నాయి, నా చేతి వణుకు మాత్రం అందులో లేదు.

అక్క నాకు మంచినీళ్లు తెచ్చి ఇవ్వబోతే చెంబు ఆమె చేతిలో గడగడా కదిలింది. వయసు. నేను పట్టుకునేలోపే కొన్ని నీళ్లు ఒలికాయి. అక్క తన చేతిని తనే తిప్పి చూసుకుని, "ఆ కాయ తెచ్చి నా చేతిలో పెట్టి చూడు అబ్బీ, నీళ్లు పడతాయేమో" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. దగ్గుకు టానిక్కు పొద్దున్నే తాగాలట, తనకు పోసుకోవడం చేతకాక మానేస్తోందట. లోపల వెతికితే ఆ వెండి ఉగ్గుగిన్నె కనిపించింది, కాస్త నల్లబడింది. తుడిచి, టానిక్కు అంచు దాకా పోసి, వసారాలో కూర్చున్న అక్క దగ్గరికి నడిచి వెళ్లాను. అక్క చూపు నా ముఖం మీద లేదు, గిన్నె మీదే ఉంది. ఆమె నోటికి అందించేదాకా ఒక్క చుక్క కూడా ఒలకలేదు.