ఫోన్ చదవని పేజీ

శామీర్‌పేట నుంచి మేడ్చల్ మీదుగా బస్సులు మారి వెళ్ళి, గండిమైసమ్మ చౌరస్తాలో ఒక ఫ్లెక్స్ షాపులో ఏళ్ళ తరబడి డిజైన్లు చేశాను. పుట్టినరోజులు, సంతాపాలు, బోనాల స్వాగతాలు. ఎవరి ముఖమైనా సరే, మచ్చలు తీసేసి తెల్లగా చేసి ఇచ్చేదాన్ని. ఆ గర్వంతోనే వీడియోలు చూసి వెబ్ పేజీలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఏముందిలే, అదీ ఒక ఫ్లెక్సే కదా అనుకున్నాను. నా తలకాయ!

మొదటి పేజీ మా బాపు కోసం. చెరువులో చేపలు పట్టిన మనిషి, షుగర్ వల్ల చూపు పోయాక ఇంట్లోనే కూర్చుని వేళ్ళతో తడుముకుంటూ వలలు అల్లుతాడు. చూపులేనివాడి అల్లిక ఎట్లుంటదోనని కొనేవాళ్ళు రావడం తగ్గించారు. వల చేతిలో లేని రోజు ఆయన మంచం దిగడు, అన్నం సరిగా తినడు. నా భయమంతా అదే. ఆ వలల సంగతి నలుగురికీ తెలియాలి.

షాపు అలవాటు కొద్దీ పేజీ మొత్తాన్ని ఒకే బొమ్మగా చేసి పెట్టాను, అక్షరాలతో సహా. చూడటానికి మస్తుగా వచ్చింది. తెరమీద ఉన్నది పైకి చదివే ఫోన్ బాపుది. పేజీ తెరిచి ఆయన చేతికిచ్చాను. "చిత్రం" అని ఊరుకుంది ఫోన్. బాపు మళ్ళీ వేలు జరిపాడు. మళ్ళీ అదే మాట.

"నా గురించి ఏం రాయలేదా బిడ్డా?"

"రాసిన బాపూ, మస్తు రాసిన."

"మరి గిదేంది, ఒక్క ముక్కనే జెప్తాంది?"

సిగ్గుతో చచ్చిపోయాను. పేజీల్లో తప్పులు పట్టే సైటు ఒకటుంటే అందులో నాది పెట్టి చూశాను. అంతా ఎరుపే. అక్షరాలు అక్షరాలుగానే ఉండాలట. ప్రతి బొమ్మకూ, చూడలేనివాళ్ళ కోసం అందులో ఏముందో రాయాలట. ఇంట్లో అట్లాంటి మనిషిని పెట్టుకుని నాకు ఆ సోయి లేకపోయింది.

చాలా రోజులు తంటాలు పడి పేజీని మళ్ళీ కట్టాను. ఈసారి ఫోన్ గడగడా చదివింది. బాపు ముఖం విప్పారింది. ఫోటో దగ్గరికి వచ్చేసరికి "వల అల్లుతున్న మా బాపు" అంది.

"గంతేనా? కండ్లెట్లున్నయో జెప్పలే?"

తెల్లబారిన ఆ కళ్ళను ఫోటోలో నేనే నల్లగా దిద్దాను, షాపులో అందరికీ చేసినట్టే.

"కండ్లెందుకు బాపూ, వల గురించి గదా?"

"ఎందుకేంది? సూపు లేకున్నా గిట్ల అల్లిండని తెల్వాలె. గదే గదా నా పనితనం! ఫోటోల జూసెటోళ్ళకు ఎట్లయినా సమజైతది. ఇనేటోళ్ళకు గూడ రాయి."

అసలు ఫోటో కోసం వెతికాను. లేదు. దిద్దినదాన్ని దానిమీదే సేవ్ చేసి పెట్టాను, దరిద్రపు అలవాటు.

"ఇంకోటి తీస్త బాపూ, గిటు తిరుగు."

"ఏ, గది మంచిగ రాలేదా?"

"వెలుతురు సక్కగ పడలే."

నమ్మాడు. వలను ఒళ్ళోకి లాక్కున్నాడు. అరచేత్తో జుట్టు సర్దుకుని, కళ్ళు బాగా తెరిచి నా గొంతు వినిపించిన వైపు తిరిగాడు. నాకు ఏడుపు ఆగలేదు, మొదటిది చెదిరిపోయింది. ఇంకోటి తీశాను.

"కండ్లు పడ్డయా బిడ్డా?"

"పడ్డయి బాపూ" అన్నాను. ఈసారి అబద్ధం కాదు.